పురుషోత్తమ చౌదరి: తెలుగుసీమ అంచులలో ఒక క్రైస్తవ గురువు జీవితము

కొన్ని యేండ్ల క్రిందట ధర్మపురిలో నా యొద్ద తెలుగు చదువుకొను బాలిక యొకతె తన అవ్వగారి పాత నోటుపుస్తకమును తెచ్చి నా ముందుంచెను. అట్ట చినిగి, కుట్టు వదలి, కాగితములు పసుపువన్నెకు తిరిగియుండెను. లోపల అన్నియు తమిళాక్షరములే. మా సీమలో అది వింత కాదు. ఇంట తెలుగు మాటాడుచు బడిలో తమిళము మాత్రమే చదివిన కుటుంబములు ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతములలో వేలకొలది కలవు. కాని రెండు పంక్తులు చదువునప్పటికే అది తమిళము కాదని తెలిసినది. తమిళ లిపిలో వ్రాసికొనిన తెలుగు పాటలవి. ఆ అవ్వగారు ప్రతి ఆదివారమును ఆ పాటలనే పాడుకొందురట. తెలుగు లిపి ఆమెకు రాదు. ఇప్పుడు కన్నులు మందగించి తమిళాక్షరములును కానరాకపోగా, ఆ పాటలను తెలుగున పెద్ద అక్షరములతో వ్రాసి యిచ్చినచో మనుమరాలు చదివి వినిపించునని ఆమె కోరిక.

నేను క్రైస్తవుడను కాను. పాఠము చెప్పుకొను వాడను. అయినను ఆ పని నాకు కొన్ని నెలల చదువైనది.

కష్టమెక్కడనగా, తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరము. త, థ, ద, ధలకును ఒకటే. ప, ఫ, బ, భలకును ఒకటే. కనుక ఆ పుస్తకమున "దాత" యని వ్రాసినను "తాత" యని వ్రాసినను కంటికి ఒక్కటే. "భక్తి"యో "పక్తి"యో, "ధనము"నో "తనము"నో సందర్భము చెప్పవలసినదే. ఒకచోట దేవుని తాతగా చదివి నాలో నేనే నవ్వుకొంటిని. ఇట్టి చిక్కులలో యతి మనకేమియు సాయపడదు. ఏలయన ఒక వర్గమునందలి నాలుగక్షరములును తమలో తాము యతి కుదురునవే. ప్రాస మాత్రము సాయపడినది. జంట పాదములలో ఒకదాని రెండవ యక్షరము నిశ్చయమైనచో రెండవదియు చాలవరకు తేలును. ఈ విధముగా విప్పుచు పోగా నాకొక సంగతి స్పష్టమైనది. ఈ పాటలు కట్టినవాడు ప్రాస నియమము తెలిసిన కవి, సంస్కృతము చదివినవాడు, పల్లవి, అనుపల్లవి, చరణముల కూర్పు చేతివాటముగా వచ్చినవాడు. ఇట్టివాడు ఎవడో పామరుడు కాడు. అచ్చుపుస్తకమైన "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" సంపాదించి పోల్చి చూచితిని. అందు పాటకు పైన రాగతాళములును, కట్టినవారి పేరును ముద్రింతురు. అవ్వగారి పాటలలో చాలవాటికి ఒకే పేరు కనబడెను: పురుషోత్తమ చౌదరి.

చౌదరిగారు 1803వ సంవత్సరము సెప్టెంబరు 5న గంజాము సీమయందలి పర్లాకిమిడి ప్రాంతమున మదనాపురమను గ్రామమున జన్మించిరి. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. వారు వంగదేశమునుండి వచ్చి అక్కడ స్థిరపడిన బ్రాహ్మణులు. చౌదరి యను పేరు చూచి మనవారు వేరొక కులమును తలంచుట కలదు, అది పొరపాటు. ఇంటి మూలము వంగము, ఇరుగుపొరుగు ఒడియా, చదువు తెలుగు. ఇంతకంటె తెలుగువాడగుటకు తక్కువ కారణములున్న తెలుగు కవి యింకొకడు దొరకుట కష్టము. మాతృభాషాభిమానమని మనము సభలలో చెప్పుకొనునది ఈయన యందు పుట్టుకవలన వచ్చినది కాదు, సాధనవలన వచ్చినది.

ఆ కాలమునాటికి తెలుగున క్రైస్తవ వాఙ్మయము ఎంతమాత్రమున్నదో చూడవలెను. బెంజమిన్ షుల్జ్ అను జర్మను పండితుడు చెన్నపట్టణమున తెలుగు నేర్చి, స్వదేశమునకు మరలి, హాలె నగరమున 1746, 1747 సంవత్సరములలో తెలుగు పుస్తకములను అచ్చొత్తించెను. అవియే మన భాషలో తొలి అచ్చుపుస్తకములు. పిమ్మట చాలకాలమంతయు మౌనము. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజిస్ అను లండను మిషను వారిరువురు విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడై బైబిలు అనువాదమునకు పూనుకొనెను. క్రాన్ 1809లోను, డే గ్రాంజిస్ 1810లోను మరణించిరి. వారి సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. విశాఖలోనే ఎడ్వర్డు ప్రిచ్చెట్టు క్రొత్త నిబంధనను పూర్తి చేసెను. అనగా చౌదరిగారు యువకులైనప్పటికి చదువుటకు కొంత గ్రంథమున్నది. పాడుటకు మాత్రము ఏమియు లేదని చెప్పవచ్చును.

చౌదరిగారు మతవిషయమున చాలకాలము అన్వేషణ చేసిరి. శ్రీకాకుళములో హెలెన్ నాట్ అను క్రైస్తవ స్త్రీ యుండెడిది. ఆమె మూలముగా తెలుగు కరపత్రములు ఆయన చేతికి వచ్చినవి. చదివిన పిమ్మట ఆయన మనసు నిలిచినది. 1833వ సంవత్సరము అక్టోబరు 6న కటకములో బాప్తిస్మము పొందిరి. శ్రీకాకుళమునుండి కటకము మున్నూరు కిలోమీటర్లకు తక్కువ కాదు. రైలు లేని కాలము. కటకముననే ఏల? 1822నుండి ఆంగ్లేయ బాప్తిస్టు సంఘమువారు అక్కడ పనిచేయుచుండిరి. అప్పటికి చౌదరిగారి వయస్సు ముప్పది.

ఆ యడుగు వెలను నేటివారు సులభముగ ఊహింపలేరు. హిందూ ధర్మశాస్త్రము ననుసరించి మతము విడిచినవానికి పిత్రార్జితమున హక్కు పోయెడిది. ఆ నష్టమును తొలగించిన చట్టము 1850లో, 21వ సంఖ్యతో, వచ్చినది. అనగా చౌదరిగారు బాప్తిస్మము పొందిన పదునేడేండ్లకు. కులమువారు వెలివేయుదురు, ఆస్తి పోవును, చేరబోవు సంఘమా, నాలుగు కుటుంబములు. లాభము చూచుకొని చేసిన పని యని అనువారు ఈ లెక్క వేయవలెను.

బాప్తిస్మము తరువాత ఆయన బోధకులై, పిమ్మట గురుపదవి నొంది, సుమారు అర్ధశతాబ్దికాలము తిరిగిరి. విశాఖపట్టణము, శ్రీకాకుళము, పర్లాకిమిడి, బరంపురము; మధ్యలో కొంతకాలము బళ్లారి, చెన్నపట్టణము. ఆ రోజులలో మిషను సంఘములు ఒకదానికొకటి వేరు: బరంపురము, కటకములలో ఆంగ్లేయ బాప్తిస్టులు; విశాఖలోను బళ్లారిలోను లండను మిషను; 1836లో వచ్చిన అమెరికను బాప్తిస్టు శామ్యూల్ డే మొదట విశాఖలో దిగి, చెన్నపట్టణము మీదుగా 1840లో నెల్లూరు చేరెను. చౌదరిగారిని ఏ యొక్క సంఘపు చరిత్రలోను పూర్తిగా ఇముడ్చుట కష్టమగుటకు ఇదియొక కారణమని నా యభిప్రాయము. ప్రతి మిషనును తన దొరల చరిత్రను శ్రద్ధగా వ్రాసికొనినది. దేశీయ బోధకుని పేరు వారి నివేదికలలో ఒక పంక్తిగా వచ్చి పోవును. 1890 ఆగస్టు 23న ఆయన కటకములోనే కన్నుమూసిరి. బాప్తిస్మము పొందిన ఊరిలోనే, ఏబదియేడేండ్లకు, దేహము చాలించుట యాదృచ్ఛికమే కావచ్చును.

ఆయన రచనలలో "నిస్తార రత్నాకరము", "కులాచార పరీక్షణము", "యేసునాయక శతకము" ప్రసిద్ధములు. "నిస్తారము" అను మాట గమనింపదగినది. ఒడియా, వంగ క్రైస్తవులకది వాడుకైన మాట. తెలుగు క్రైస్తవులకు "రక్షణ" వాడుక. ఆయన తొలి గురువులు కటకమువారని ఆ మాటయే చెప్పుచున్నది. కాని ఆయన నిలిచినది ఈ గ్రంథములవలన కాదు. నూరుకు మించిన కీర్తనలవలన.

కీర్తనల విషయము కొంత విస్తరించి చెప్పుదును. విదేశీయ బోధకులు ఎచ్చటికి పోయినను తమ దేశపు పాటలను అనువదించి, ఆ స్వరములకే పాడించుట పరిపాటి. ఇంగ్లీషు పాట మాటయందలి ఊనికమీద నడచును; తెలుగు పాట గురులఘువులమీద నడచును. ఇంగ్లీషు స్వరము సాగవలెనన్నచోట మన మాటలో లఘువుండును, తేలిపోవలెనన్నచోట దీర్ఘముండును. పాడువాడు దీర్ఘమును కుదించి, హ్రస్వమును సాగదీసి, మాటను వికలము చేయును. విన్న తెలుగువానికి అది ప్రార్థనవలె కాక పరాయివాని పలుకువలె తోచును. చౌదరిగారు ఆ త్రోవ పట్టలేదు. ఆయన నలుబది నాలుగవ యేట, 1847లో, తిరువయ్యారున త్యాగరాజస్వామి సిద్ధిపొందిరి. కీర్తన అప్పటికి తెలుగు నోటికి పరిపూర్ణమై యున్నది. భజనగోష్ఠులలోను, దేవాలయములలోను, వీధినాటకములలోను జనులు పాడుకొను రాగతాళములనే చౌదరిగారు తీసికొనిరి. ఆర్తి, దైన్యము, నిందాస్తుతి, శరణాగతి మొదలైన భక్తుల మాటతీరు అంతయు ఆయన పాటలలో కనబడును. దైవము మారినను వేడుకొను గొంతుక మారలేదు. రామదాసు చెరసాలనుండి రామునితో మాటాడిన చనువు ఈయన క్రీస్తుతో మాటాడునప్పుడును కలదు.

ఇందు కొందరు క్రైస్తవులకే అభ్యంతరముండెడిదట; హిందూ వాసన యని. ఆ వాసన లేనిచో ఆ పాటలు నూటేబది యేండ్లు బ్రతికియుండెడివా?

ఇక ఆ పాటలు పాడినది యెవరు? ఇదియే నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపిన విషయము. చౌదరిగారి యౌవనమున తెలుగు క్రైస్తవులు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఆయన డెబ్బదియైదవ యేట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒంగోలులో జాన్ క్లౌ నడపిన అమెరికను బాప్తిస్టు మిషనువారిది ఆ కార్యము. చేరినవారిలో ఎక్కువమంది మాదిగలు. బడి గడప త్రొక్కనీయబడనివారు, ధాతు కరవున ఎండినవారు. బ్రాహ్మణ గృహమున పుట్టిన వంగదేశీయుని కీర్తన, సంస్కృత సమాసములతో, రాగతాళములతో, ఊరివెలుపలి గూడెములకు చేరి వారి నోట నిలిచినది. అక్షరము రానివారు పాటలను వినికిడిచేత కంఠస్థము చేసిరి. పాట కొరకు పుస్తకము పట్టిరి. పుస్తకము కొరకు అక్షరము నేర్చిరి. పండితులు వాదములలో తలమునకలగుచుండగా, తెలుగు సాహిత్యము దళితుల యిండ్లలో ప్రవేశించిన వాకిళ్లలో ఈ కీర్తనల పుస్తకమొకటి. "కులాచార పరీక్షణము" వ్రాసిన వానికి ఇంతకంటె కోరదగిన ఫలమేమి?

ఆ గ్రంథమును గూర్చి నిష్పక్షపాతముగ ఒక మాట చెప్పవలెను. ఆ కాలపు మతవాద గ్రంథములన్నిటివలెనే అందును పరమత ఖండనము తీవ్రము. విగ్రహారాధన చేయు పాఠకుని మనసు నొచ్చుకొనును. నా మనసును నొచ్చుకొనకపోలేదు. కాని కులభేదమును గూర్చి ఆ పేరులోనే ఉన్న ప్రశ్న వీరేశలింగము పంతులుగారు 1848లో పుట్టుటకు పదునైదేండ్లకు ముందే స్వకులమును విడిచిన మనిషి వేసినది. దానిని మాటలతో మాత్రమే కాక జీవితముతో వేసినాడు. మతఖండనము నచ్చని కారణమున కవిని మరచితిమేమో యని నా యనుమానము. మన సాహిత్య పాఠ్యపుస్తకములలో ఆయన పేరు నేను బాలుడనై యుండగా చదువలేదు; ఉపాధ్యాయుడనై యిన్నేండ్లయినను పిల్లలకు చెప్పు నవకాశము రాలేదు.

మేము తమిళనాట నుండువారము గనుక ఈ లోపము మాకు మరింత స్పష్టముగ కనబడును. తంజావూరు వేదనాయక శాస్త్రి (1774-1864) శరభోజి కాలపు క్రైస్తవ కవి. ఆయన కీర్తనలను తమిళులు గౌరవముతో పాడుదురు. కృష్ణపిళ్లై (1827-1900) వైష్ణవుడై పుట్టి క్రైస్తవుడై "రక్షణ్య యాత్రికము" వ్రాసెను. తమిళ సాహిత్య చరిత్ర చదువువాడు ఆయన పేరు తప్పించుకొని పోజాలడు. ఇటలీదేశమునుండి వచ్చిన వీరమామునివరునకు 1968లో చెన్నపట్టణపు సముద్రతీరమున, అవ్వైయారు, కంబరుల విగ్రహములున్న వరుసలోనే విగ్రహము నిలిపిరి. తమ భాషకు సేవచేసినవాడు ఏ దైవమును కొలిచెనని వారు అడుగలేదు. ఈ గుణమున మనము వారినుండి నేర్వవలసినది కలదు.

చౌదరిగారు పనిచేసిన ఊళ్ల పేర్లను మరియొకసారి తలచుడు. కటకము ఏనాడును తెలుగుసీమ కాదు. పర్లాకిమిడి, బరంపురములు 1936 ఏప్రిలు 1న ఒరిస్సాలో చేరినవి. బళ్లారి 1953 అక్టోబరు 1న మైసూరున చేరినది. ఆనాడే చెన్నపట్టణము లేకయే ఆంధ్రరాష్ట్రము పుట్టినది. ఆయన బ్రతికినప్పుడు ఈ గీతలు లేవు. నేడు పటము పరచి చూచినచో, ఆయన జీవితమున పెద్దభాగము తెలుగు రాష్ట్రముల వెలుపల గడచినట్లు కనబడును. రాష్ట్రము నడిబొడ్డున ఉన్నవారికి ఆయన దూరమగుటకు ఇదియు కారణము కావచ్చును. మాకు మాత్రము దగ్గరివాడైనాడు.

పర్లాకిమిడి యనగానే గిడుగు రామమూర్తి పంతులుగారు తలపునకు రాక మానరు. 1880లో ఆ ఊరి రాజావారి బడిలో ఉపాధ్యాయులై చేరి, సవర భాషకు సేవచేసి, వ్యావహారిక భాషోద్యమము నడపినవారు. (ఆయన పేరు తలచుచు ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుట సాహసమే, స్మృతిసంచికల సంప్రదాయమును విడువలేకపోతిని.) పర్లాకిమిడి ఒరిస్సాలో చేరిన 1936లో ఆయన, డెబ్బది దాటిన వయస్సున, ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము వచ్చివేసిరి. చౌదరిగారు అంచులలో ఉండియే పనిచేసిరి. పంతులుగారు అంచు మారగా లోనికి వచ్చిరి. రెండును భాషాభిమానమే. మా ధర్మపురి, 1965లో సేలమునుండి విడిపోయి జిల్లా అయినది. 2004లో కృష్ణగిరి దీనినుండి విడిపోయినది. ఏ గీత ఎటు మారినను మేమున్నచోటనే యున్నాము. 2006నాటి చట్టమువలన తమిళ పఠనము అందరు పిల్లలకును విధియైనది. తమిళము నేర్వవలసినదే, మేమును నేర్చితిమి, ప్రేమింతుము. దానితోపాటు తెలుగును నిలుపుకొనుటకు వారమునకెన్ని గంటలు మిగులుననునదే ప్రతి యేటను మా తల్లిదండ్రుల ప్రశ్న.

శ్రీకాకుళపు కవి పాట ధర్మపురికి ఎట్లు చేరెను? సేలము ప్రాంతమున 1827నుండి లండను మిషను పనిచేసినను వారి సేవ తమిళమున సాగినది. అవ్వగారి తల్లి మదనపల్లె దిక్కునుండి వచ్చిన కోడలట. మదనపల్లెలో 1863నుండి జేకబ్ చేంబర్లెన్ అను అమెరికను వైద్యుడు, తెలుగు బైబిలు సవరణసంఘమునకు చిరకాలము అధ్యక్షుడై యుండినవాడు, 1908లో మరణించువరకు పనిచేసెను. ఆ దిక్కు తెలుగు సంఘములలో పాడిన పాటలే ఆ కోడలి వెంట కొండలు దిగి వచ్చియుండవచ్చునని నా యూహ. తల్లి పాడగా కూతురు విని, తనకు వచ్చిన లిపిలో వ్రాసికొనినది.

ప్రతి పాటను అచ్చుపుస్తకముతో సరిచూచి, పెద్ద అక్షరములతో తెలుగున వ్రాసి, పుస్తకము కుట్టించి, వారింటికి పోయి యిచ్చితిని. అచ్చునకును అవ్వగారి వ్రాతకును భేదమున్నచోట అచ్చు పాఠమునే ఉంచితిని. మనుమరాలు చదువుచుండగా ఆమె రెండుచోట్ల ఆపి, "అట్ల కాదమ్మా, మా అమ్మ ఇట్ల పాడేది" అని సరిదిద్దెను. ఆ రెండుచోట్లను ఆమె పాఠమునందే ప్రాస కుదిరినది. తప్పు అచ్చుపుస్తకమునందే యున్నది. వచ్చునప్పుడు ఆమె నన్ను పిలిచి, "అయ్యవారూ, శానా మంచి పని చేస్తిరి. ఇంగొకటి అడగాల. మా చిన్నకొడుకు పిల్లోండ్లకు తెలుగు రాదు. వాండ్లకు ఈ తప్పుల్లేకుండా అరవంలో ఒకటి రాసియ్యండి" అనెను.

"అరవంలో రాస్తే దాతకు, తాతకు తేడా ఉండదు కదమ్మా" అంటిని.

"పాడేటప్పుడు నేను చెప్తాలే" అనెను.

ఆ రెండవ ప్రతిని ఇప్పుడు వ్రాయుచున్నాను. ద, ధ, బ, భ వచ్చినచోట అక్షరము క్రింద ఎఱ్ఱసిరాతో చుక్క పెట్టుచున్నాను.